రంపం మీద పిల్లి

ఆవిడ అసలు పేరు కళ్ళద్దాల షాపు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఇంట్లో, వీధిలో, షాపులో అందరికీ ఆవిడ పిల్లి. వయసులో చిన్నవాళ్ళు పిల్లక్క అంటారు. ఆ మాత్రం మర్యాద చాలు లెండి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకరోజు వాళ్ళమ్మ విసిగిపోయి, "కాలుకాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం, ఒక్క చోట కూర్చోలేవూ?" అని అరిచింది. కాలు కాలిన సంగతి జనం మర్చిపోయారు, పిల్లి మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడావిడకి నలభై ఎనిమిది. ఇప్పటికీ కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ షాపులో అద్దాలు అరగదీసే పని ఆవిడది. ముందు గదిలో పెద్దాయన, అంటే షాపు యజమాని, వచ్చినవాళ్ళ కళ్ళు చూసి చీటీ రాస్తాడు. వెనక గదిలో కిటికీ పక్కన మెషీన్ ముందు పిల్లి ఆ చీటీ చూసుకుని, అద్దం అంచు ఫ్రేములో సరిగ్గా ఇమిడేలా అరగదీస్తుంది. స్టూలు మీద కూర్చుని చేసే పనే, కానీ ఆవిడ నిలబడి చేస్తుంది. కూర్చోబెడితే ఐదు నిమిషాల్లో మోకాలు ఊగుతుంది, దాంతో బల్ల ఊగుతుంది, బల్లమీది డబ్బాలో బుల్లి స్క్రూలన్నీ గలగలమంటాయి. "అమ్మా తల్లీ, నువ్వు నిలబడే చేసుకో" అని పెద్దాయన మొదటి వారంలోనే స్టూలు తీయించేశాడు.

కొత్తగా చేరినవాళ్ళకి ఆ షాపులో మొదటి రోజు నేర్పేది ఒక్కటే: కుడి అంటే ఎవరి కుడి? ఎదురుగా నిలబడి చూస్తే, వచ్చినాయన కుడికన్ను మన ఎడమచేతి వైపు ఉంటుంది. చీటీలో కుడి అని ఉంటే అది పెట్టుకునేవాడి కుడి, చూసేవాడి కుడి కాదు. పిల్లి చేరిన కొత్తలో ఒకాయనకి రెండద్దాలూ తారుమారు చేసింది. పాపం ఆయన కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, మెట్టు ఒకచోట ఉంటే ఇంకోచోట కాలుపెట్టి, గుమ్మం ముందు సైకిళ్ళ మీద పడ్డాడు. ఆ తర్వాత ఆవిడ చేతిలో ఒక్క జత కూడా మారలేదు. ఇప్పుడు కొత్తవాళ్ళకి ఆ పాఠం చెప్పేది ఆవిడే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, పని పడుతుంది.

మెషీన్ పక్క కిటికీలోంచి చూస్తే ఒకే గట్టుమీద ఐదు కొండలు వరసగా కనబడతాయి. వాటికి పేర్లు పెట్టే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. ఎడమ నుంచి కుడికి మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది, ఐదోది, అంతే. మూడోదానికీ నాలుగోదానికీ నడుమ గట్టు సన్నబడి పళ్ళుపళ్ళుగా లేచి ఉంటుంది. దానికి మాత్రం పేరుంది, రంపం అంటారు. అక్కడ నడక కుదరదు. చేతులతో, మోకాళ్ళతో, ఒక్కోచోట పొట్టతో పాకాలి, రెండు పక్కలా లోయ. ప్రతి కొండ కొసనా రాళ్ళకుప్పలో ఒక రేకుడబ్బా, అందులో ఒక నోట్‌బుక్కు, దారానికి కట్టిన పెన్సిలు ఉంటాయి. ఎక్కినవాళ్ళు పేరూ టైమూ రాసి రావాలి. వెలుగుతో బయల్దేరి వెలుగుండగానే ఐదు పుస్తకాల్లో పేరు రాసినవాళ్ళు ఊరు మొత్తం మీద పదిమంది లేరు.

ముప్పై ఏళ్ళ కిందట పిల్లీ, వాళ్ళన్నయ్యా ఆ పని మీదే బయల్దేరారు. మూడోదాని మీదికి చేరేసరికి ఆ పిల్లకి కాళ్ళు చచ్చుబడిపోయాయి. అక్కడున్న పలకరాయి మీద కూలబడి, "నేను రాను, నన్నొదిలెయ్" అని వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెల్ని వదిలేసి వెళ్ళలేక అన్నయ్య కూడా వెనక్కి తిరిగాడు. జరిగింది అంతే. కానీ అన్నయ్య దాన్ని కథ చేశాడు. పదిమంది చేరిన ప్రతిచోటా, "మా పిల్లి మూడో కొండమీద కూలబడిన సంగతి చెప్పానా?" అని మొదలుపెడతాడు. ఏడుపు అభినయిస్తాడు, ముక్కు ఎగబీల్చడం కూడా వదలడు. జనం పగలబడి నవ్వుతారు. పిల్లీ నవ్వుతుంది, నవ్వుతూ లేచి ఏదో పనున్నట్టు వెళ్ళిపోతుంది. కూర్చుంటే చాలు కూలబడినట్టు అనిపించే జబ్బు ఆవిడకి అక్కడ పట్టుకుంది.

అన్నయ్య చెడ్డవాడు కాదు. బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని రాసి సంతకం పెట్టడం ఉద్యోగం. మనిషి కూడా గడియారం మింగినట్టే ఉంటాడు. పదేళ్ళ కిందట గట్టుకి అవతలి ఊరికి బదిలీ అయ్యి, అక్కడే స్థిరపడిపోయాడు. మొన్న వాళ్ళమ్మాయికి ఉద్యోగం వచ్చిందని అందరూ చేరిన రోజున మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నాడు. ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది ఎవరో కాదు, పిల్లి సొంత కూతురు. పిల్లికి ఒళ్ళు మండిపోయింది.

"వచ్చే నెల మొదటి ఆదివారం ఐదూ ఎక్కుతా," అంది చేతిలో గ్లాసు ఠక్కున పెట్టి. "ఒక్క రోజులో ఐదు కొసలు. ఎక్కానా, ఆ కథ మళ్ళీ నీ నోట రాకూడదన్నయ్యా. చచ్చేదాకా."

"ఎక్కలేకపోతే?"

"నేనే అందరి ముందూ నిలబడి చెప్తా. ఏడుపుతో సహా."

అందరూ ఓహో అన్నారు. అన్నయ్య మాత్రం నవ్వలేదు. గడియారం చూసుకుని, "సరే," అన్నాడు.

ఆ నెలంతా పిల్లి ఇంట్లో ఎవరినీ నిలవనివ్వలేదు. మూడంతస్తుల మెట్లు బియ్యం మూట ఎత్తుకుని ఎక్కుతుంది, దిగుతుంది. అన్నం నిలబడి తింటుంది. టీవీ ముందు గుంజీలు తీస్తుంది. వాళ్ళాయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రోజంతా ఎవరో ఒకరు గోడకి గుద్దబోతుంటే పక్క సీట్లో నవ్వుతూ కూర్చునే మనిషి, దేనికీ కంగారుపడడు.

"ఐదు కొండలూ ఎక్కి ఏం చేస్తావోయ్?" అని అడిగాడు.

"దిగుతా."

"ఆ దిగేదేదో ఇప్పుడే దిగి కాస్త కూర్చోరాదూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ముందురోజు సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. "గట్టుమీద చుక్క నీళ్ళు దొరకవే. అలాగని రోజుకు సరిపడా మోసుకెళ్ళావంటే రంపం మీద బరువుకి తూలిపోతావు. రెండు సీసాలు తెచ్చుకో, చాలు. మిగతా నీళ్ళు నేను తెస్తా. మా వైపు నుంచి నాలుగోదాని మీదికి వస్తా. పన్నెండున్నరకి అక్కడ ఉంటా."

"నాతో పందెం కాసి నాకే నీళ్ళు మోస్తావా?"

"పందెం పందెమే. దాహంతో పడిపోయావనుకో, అదీ నా నెత్తికే చుడతారు."

"నీ మోకాలో?"

"నా మోకాలి సంగతి నీకెందుకు, నీ కాళ్ళ సంగతి చూసుకో."

వెనక నుంచి వదిన ఫోన్ లాక్కుంది. "మోకాలికి పట్టీ కట్టుకుని నాలుగు రోజులుగా డిపో మెట్లు ఎక్కి దిగుతున్నారమ్మా మీ అన్నయ్య. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. నువ్వు మాత్రం ఆలస్యం చెయ్యకు. వస్తానన్న బండి వచ్చేదాకా కుర్చీ వదలని మనిషని తెలుసుగా, నువ్వొచ్చేదాకా అక్కడి నుంచి కదలరు. చీకటి పడితే ఆ మోకాలితో దిగలేరు."

"నేనెందుకు ఆలస్యం చేస్తాను వదినా," అంది పిల్లి, అప్పటికే బూట్ల తాడు బిగిస్తూ.

మర్నాడు తూరుపు తెల్లబడగానే వాళ్ళాయన కారులో కొండ మొదట్లో దింపాడు. పిల్లి తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా నడక అందుకుంది. మొదటిదాంట్లో పెద్ద కష్టం లేదు, గడ్డీ జారుడు రాళ్ళూ. ఏడింటికి కొస. డబ్బా తెరిచి, పేరు రాసి, మూత పెట్టి, దిగింది. రెండోదానికి చివర నిలువు చీలిక ఉంది. వీపు ఒక గోడకి, పాదాలు ఇంకో గోడకి ఆనించి ఇంచీ ఇంచీ పైకి జరగాలి. మోచెయ్యి గీరుకుంది, చూసుకునే తీరిక లేదు. ఎనిమిదీ నలభై ఐదు అని రాసింది. రెండు గుక్కలు తాగి, ఊరు ఎటుందో కూడా చూడకుండా మళ్ళీ బయల్దేరింది. గట్టుమీద ఫోన్ పనిచెయ్యదు. అదే మేలు అనుకుంది, ఎవరూ ఎంతదాకా వచ్చావని అడగరు.

పదిన్నరకి మూడోది. పలకరాయి అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళలో అంగుళం కూడా జరగలేదు దరిద్రపు రాయి. పిల్లి దానివైపు చూడకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, నిలబడే పేరు రాసింది. గుండె దడదడా కొట్టుకుంటోంది, అలుపుకి కాదు. ఆగితే మళ్ళీ ఏడుపొస్తుందేమోనన్న భయం.

ఇక రంపం. మొదటి పన్ను దగ్గరే గాలి చొక్కాలో దూరి బుస్సుమంది. చేత్తో రాయి కదిపి చూడాలి, కదలకపోతే పట్టుకోవాలి, అప్పుడు కాలు. మళ్ళీ చెయ్యి. ఒకచోట గట్టు మరీ సన్నం, గుర్రం మీద ఎక్కినట్టు చెరో పక్కా కాలేసి కూర్చుని జరగాలి. కుడి పాదం కింద ఊరు, ఎడమ పాదం కింద అవతలి ఊరు. "కూర్చోలేవూ అన్నావుగా అమ్మా, చూడు ఎక్కడ కూర్చున్నానో," అని పైకే అంది. నవ్వు వచ్చింది, వెంటనే కింద లోయ కనబడి నవ్వు ఆగిపోయింది. రెండు గంటలు పట్టింది. చివరి పన్ను దిగి, పన్నెండున్నర కొట్టేసరికి నాలుగోదాని మీదికి చేతులతో ఎగబాకి తల పైకెత్తింది.

ఎవరూ లేరు.

రాళ్ళకుప్ప, రేకుడబ్బా, గాలి. అంతే. "అన్నయ్యా!" అని పిలిచింది. కొండ అవతలికి వెళ్ళి చూసింది, కింద దారి పొడుగునా చూసింది. పురుగు కూడా కదలడం లేదు. సీసాలో మిగిలింది అరచేతిలో పట్టేంత నీళ్ళు. ఐదోది ఎదురుగా ఉంది, గంటన్నర దూరం, చెయ్యి చాస్తే అందేలా. నిమిషం తప్పని మనిషి ఇవాళే తప్పాడా? ఇవాళే మోకాలు నొప్పెట్టిందా? కావాలనే రాలేదు, నీళ్ళు లేక నేను దిగిపోవాలని చూస్తున్నాడు, ఆ కథ పోతే పదిమందిలో చెప్పుకోడానికి ఇంకేం ఉంది ఆ మనిషికి! పిల్లి కుప్ప చుట్టూ గిరగిరా తిరుగుతూ అన్నయ్యని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయడం బాగోదు. ఒంటిగంటయింది. పోతే పోయాడు, నాలుక ఎండిపోయినా సరే ఐదోది ఎక్కి తీరతాననుకుని, పేరు రాద్దామని డబ్బా తెరిచింది.

పుస్తకంలో పైన ఎవరో నలుగురు రాసిన వాక్యం ఉంది: "అవతలి వైపు నుంచి వచ్చాం. రెండో కొండ. గాలి ఎక్కువ."

రెండో కొండా? నాలుగోదాని మీద కూర్చుని రెండోదని రాశారేమిటి వీళ్ళ మొహం, ఏ కళ్ళద్దాలు పెట్టుకున్నారో అనుకుంది. అనుకున్నదే తడవు, పెన్సిలు చేతిలో ఆగిపోయింది.

కుడి అంటే ఎవరి కుడి?

గట్టుకి అవతల నిలబడి చూసేవాళ్ళకి ఎడమ నుంచి మొదటిది మన ఐదోది. మన నాలుగోది వాళ్ళకి రెండోది. వాళ్ళ నాలుగోది? మన రెండోది. పదేళ్ళుగా ఆ వైపు బతుకుతున్న మనిషి ఇంకా ఈ వైపు నుంచి ఎందుకు లెక్కపెడతాడు? ఆయన చెప్పనే చెప్పాడు, "మా వైపు నుంచి నాలుగోది" అని! ఆవిడ చెవికి మా వైపు నుంచి వస్తానన్నట్టు వినబడింది. ఇరవై ఆరేళ్ళు ఊరందరికీ ఆ పాఠం చెప్పి, సొంత అన్నయ్య దగ్గర తప్పింది.

అంటే పొద్దున్న ఎనిమిదీ నలభై ఐదుకి తను పేరు రాసి వచ్చేసిన కొండమీద, మోకాలికి పట్టీ కట్టుకుని, నీళ్ళ సీసాలు ముందు పెట్టుకుని, అన్నయ్య గడియారం చూసుకుంటూ కూర్చుని ఉంటాడు. తను రాదు. ఆయన కదలడు. చీకటి పడుతుంది.

ఐదోదానివైపు చూసింది. అది ఎండలో మెరుస్తూ ఎదురుగానే ఉంది, గంటన్నర. ఎక్కేసి అటునుంచి అటే అవతలి ఊరికి దిగి, ఎవరినైనా ఆయన కోసం పైకి పంపితే? దిగేసరికి ఆరు. వాళ్ళు ఎక్కేసరికి రాత్రి. ముప్పై ఏళ్ళ నుంచి రాని అవకాశం ఇది, మళ్ళీ ఏడాదికి మోకాళ్ళు ఇలా ఉంటాయా? పిల్లికి ఏడుపొచ్చింది, ఈసారి నిలబడే ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, పుస్తకంలో పేరూ టైమూ రాసి, మిగిలిన నీళ్ళు గొంతులో పోసుకుని వెనక్కి తిరిగింది. మళ్ళీ రంపం ఎక్కింది.

రెండోసారి పాకడం ఇంకా కష్టం. పెదాలు పగిలాయి. గుర్రపు చోటు దగ్గర ఒక రాయి జారి కుడివైపు లోయలో పడి, చాలాసేపటికి చప్పుడు చేసింది. పిల్లి తల ఎత్తలేదు. చెయ్యి, కాలు, చెయ్యి. తల ఎత్తేసరికి మూడోదాని కొసమీద, పలకరాయి మీద, ఎవరో మనిషి కూర్చుని ఉన్నాడు.

అన్నయ్య. మోకాలి పట్టీ ఊడి మడమ దగ్గర వేలాడుతోంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పిల్లి ఆఖరి రాయి దాటి నిలబడగానే ఆయన నోరు తెరిచాడు. పిల్లి చెయ్యి చూపించి ఆపింది. ముందు నీళ్ళు. సీసా మొత్తం ఎత్తిపట్టి గటగటా తాగింది. తర్వాత కోపం.

"నాలుగోది నాలుగోది అని చెప్పే బదులు, మూడోదని ఏడ్చుంటే పోయేది కదన్నయ్యా! మూడోది ఎటు నుంచి లెక్కపెట్టినా మూడోదే!"

"మా ఊళ్ళో అందరూ మా వైపు నుంచే లెక్కపెడతారే. నాకూ నోటికి అదే అలవాటైపోయింది. పదకొండున్నరకి అక్కడికి వెళ్ళి పుస్తకం తెరిస్తే, ఎనిమిదీ నలభై ఐదుకి నీ పేరుంది. బండి వెళ్ళిపోయిందని అర్థమైంది. టైమేమో మీ నాలుగోదానికి లెక్కేశా, ఎక్కిందేమో మా నాలుగోది. అప్పటిదాకా నా బుర్ర పనిచెయ్యలేదు."

"మరి అక్కడే ఎందుకు కూర్చోలేదు? కుర్చీ వదలవుగా!"

"వదిలా. సర్వీసులో ఇదే మొదటిసారి." ఆయన మోకాలు నిమురుకున్నాడు. "నీళ్ళు లేకుండా ఐదోదానికి పోతావని భయమేసింది. ఇక్కడిదాకా వచ్చా. ఇక్కడి నుంచి రంపం మీద నిన్ను చూశా. నువ్వెందుకే వెనక్కొచ్చావు? ఐదోది పక్కనే ఉందిగా!"

"నువ్వు అక్కడ చీకటిదాకా కూర్చుంటావని."

అన్నయ్య తల దించుకున్నాడు. పిల్లి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"ఒక మాట చెప్తా, తిట్టకు," అన్నాడు చివరికి. "ఆ రోజు నువ్వు ఇక్కడ కూలబడ్డావే, అప్పటికి నేను రంపం చూసి ఉన్నా. ఆ కొస దాకా వెళ్ళి తొంగి చూసొచ్చా. నా కాళ్ళు వణికిపోయాయే పిల్లీ. నావల్ల కాదని తెలిసిపోయింది. నీకెలా చెప్పాలా అని వెనక్కొస్తే నువ్వు ఏడుస్తున్నావు. నాకు ప్రాణం లేచొచ్చింది. నీ వంక పెట్టుకుని దిగిపోయా. నువ్వు కూలబడకపోతే నేను కూలబడేవాణ్ణి. ఇవాళ నువ్వు దాన్ని రెండోసారి పాకుతుంటే చూస్తూ కూర్చోలేకపోయా, కళ్ళు మూసుకున్నా."

పిల్లి నడక ఆగింది.

"ముప్పై ఏళ్ళన్నయ్యా," అంది. "ముప్పై ఏళ్ళు నన్ను ఒక్క చోట కూర్చోనివ్వలేదు కదా నువ్వు. అన్నం నిలబడి తిన్నాను నేను. నా కూతురు కూడా నవ్వింది."

"తప్పయిపోయిందే. ఎంతమందికి చెప్తే అంత నిజమైపోతుందనుకున్నా."

కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. ఆ వేలాడే పట్టీ, ఆ తెల్లబడ్డ మొహం చూసి, లేచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలీక పట్టీ పైకి లాగి మోకాలికి గట్టిగా కట్టింది. కట్టడానికి వంగి, మళ్ళీ లేవబుద్ధి కాక, పలకరాయి మీద పక్కనే కూర్చుంది. మోకాలు ఊగలేదు.

కాసేపటికి అన్నయ్య గడియారం చూసుకున్నాడు. "మూడున్నర. ఇక్కడి నుంచి మా ఇంటికి దారి ఉంది, వెలుగుండగా దిగొచ్చు. ఐదోది మాత్రం ఇవాళ్టికి లేదే. పందెం..."

"డబ్బా తియ్యి," అంది పిల్లి.

"ఎందుకు?"

"ఎన్ని కొసలు ఎక్కానో లెక్కపెట్టు. మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది, ఇప్పుడు మళ్ళీ ఇది. ఎన్ని?"

"మూడోదాన్ని రెండుసార్లు లెక్కపెడతావా? ఎక్కడి న్యాయమే ఇది?"

"పొద్దున్న ఎక్కింది మా వైపు నుంచి మూడోది. ఇప్పుడెక్కింది మీ వైపు నుంచి మూడోది."

అన్నయ్య ఆవిడ వైపు చూశాడు. నవ్వుతుందేమో అనుకున్నాడు, నవ్వలేదు. లేచి కుంటుకుంటూ వెళ్ళి డబ్బా తెచ్చాడు. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ముప్పై ఏళ్ళుగా బస్సులకి రాసిన చేత్తోనే గుండ్రంగా రాశాడు. చెల్లెలి పేరు రాశాడు, పిల్లి అని కాదు, అసలు పేరు. పక్కన టైము, మూడున్నర. ఆ పక్కన 'ఐదో కొస' అని రాసి, కింద టైమ్‌కీపరుగా సంతకం పెట్టి, పుస్తకం ఆవిడ చేతికిచ్చాడు.